గుండ్లవంకలో ప్రామాణిక హస్తం

రాయిని చూసి ఇది మనిషి చెక్కిందా, లేక వాగులో దొర్లి దొర్లి దానంతటది ఇలా తయారైందా అని తేల్చడం మహా కష్టమని చదువుకున్నవాళ్లంతా అంటూ ఉంటారు. వాళ్లను చూసి జాలిపడాలి. మన రాష్ట్రంలో ఆ కష్టం ఎప్పుడో గట్టెక్కింది. రాష్ట్ర ప్రాచీన శిలాపరికర నిర్ధారణ మండలి ఒకే ఒక్క మధ్యాహ్నం, భోజనానికీ టీకీ మధ్యన, ఆ చిక్కును శాశ్వతంగా విప్పి పారేసింది. ఆ మధ్యాహ్నం ఆ గదిలో ఉండి, ఆ ఘనకార్యానికి తన నోటితోనే పురుడు పోసినవాడు చింతకుంట పినాకపాణి.

పినాకపాణి మండలిలో సహాయ సంచాలకుడు. మండలి మొత్తానికి రాళ్ల సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు ఆయన, రెండోవారు భూగర్భ నిపుణురాలు మందాకిని. మిగతావాళ్లంతా ఏ శాఖకూ అక్కర్లేక ఇటు తోలబడినవాళ్లు. మండలి పుట్టుకే అలాంటిది. పక్క రాష్ట్రంలో ఎక్కడో పాత ఎముక ఒకటి బయటపడి పేపర్లకెక్కితే మన మంత్రిగారికి రోషం పొడుచుకొచ్చింది. మనకేం తక్కువని "మండలానికో ఆదిమానవుడు" అనే పథకం ప్రకటించారు. ఏడాది తిరిగేలోగా ప్రతి మండలంలోనూ ఆదిమానవుడి ఆనవాళ్లు దొరికి తీరాలి. దొరకని చోట అధికారులు సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఆ ఆదిమానవుడు కూడా కాస్త పద్ధతిగా, మండలాలవారీగా తిరిగి ఉండేవాడు.

పినాకపాణికి పథకాలతో పనిలేదు. ఆయన ప్రాణమంతా గుండ్లవంక మీద ఉంది. నల్లగుట్టపల్లె మండలంలో గుండ్లవంక అనే వాగు ఉంది. వానలు పడితే తప్ప అందులో నీళ్లుండవు. దాని గట్టు కోసుకుపోయిన చోట ఎర్రమట్టి కింద గులకరాళ్ల పొర ఒకటి బయటపడింది. ఆ పొర నిండా చేతిగొడ్డళ్లు. అరచేతికంటే పెద్దవి, బాదంకాయ ఆకారంలో, రెండు వైపులా పెచ్చులు లేపి అంచు తీసినవి. ఎన్ని లక్షల ఏళ్ల కిందటో ఎవరో అక్కడ కూర్చుని రాయితో రాయిని కొట్టి, కావలసింది చేసుకుని, ఊడిన పెచ్చులను అక్కడే వదిలేసి లేచిపోయారు. ఆ పెచ్చులు ఇంకా అక్కడే పడి ఉన్నాయి. మొదటిసారి దాన్ని చూసినప్పుడు పినాకపాణి చెప్పులు విడిచి నిలబడ్డాడు.

చిక్కల్లా ఏమిటంటే, ఆ గట్టు మీద ఇంకొకరి కన్ను కూడా పడింది. బైపాస్ రోడ్డుకు కంకర తీసుకోమని కంట్రాక్టరు ఓబులకొండారెడ్డికి ప్రభుత్వమే అనుమతి ఇచ్చింది. వంక పక్కనే కంకర మిషన్ కూడా దించేశాడు. ఇవి పనిముట్లే అని మండలి ఒక్క మాట రాస్తే ఆ అనుమతి రద్దవుతుంది, గట్టు బతుకుతుంది. రాయకపోతే మనిషి చేసిన మొట్టమొదటి వస్తువులు లారీల టైర్ల కిందికి పోతాయి.

సమావేశంలో సంచాలకులు ఘంటా విశ్వంభరంగారు పినాకపాణి తెచ్చిన రాళ్లను బల్ల మీద వరసగా పెట్టించి, కళ్లద్దాలు సవరించుకున్నారు. ఆయన నిన్నమొన్నటిదాకా మత్స్యశాఖలో ఉన్నారు.

"ఇవి పనిముట్లా, రాళ్లా? ఏదో ఒకటి చెప్పండి."

"రాళ్లే పనిముట్లు సార్," అన్నాడు పినాకపాణి.

"అదే వద్దంటున్నాను. ఏదో ఒకటి."

మందాకిని ఒక రాయిని తిప్పి తిప్పి చూసింది. "వరదలో రాయికి రాయి తగిలినా పెచ్చు లేస్తుంది సార్. ఇది మాత్రం మనిషి చేసినట్టే ఉంది. కానీ ఒక్క రాయిని చూసి చెప్పకూడదు. గట్టు దగ్గరికి వెళ్లి చూడాలి. ఇలాంటివే చాలా ఉండి, ఊడిన పెచ్చులు కూడా అక్కడే ఉంటే ఇక సందేహం లేదు. ఒక వారం ఇవ్వండి."

"వారమా!" విశ్వంభరంగారు వెనక్కి వాలారు. "నేను మత్స్యశాఖలో ఇంతకాలం పనిచేశాను. చేపను చూసి ఇది చేపేనా అని తేల్చడానికి అక్కడ ఎవరూ వారం గడువు అడగలేదమ్మా. నాకు అర పేజీలో పట్టే ప్రమాణం కావాలి. ఏ గుమస్తా అయినా అమలు చేయగలగాలి. నిపుణుల జోక్యం లేకుండా పూర్తి పారదర్శకంగా ఉండాలి."

వారం ఆగి ఉంటే గట్టు దక్కేది. మందాకిని వచ్చి చూసేది, చూసినమాట రాసేది, ఆమె మాట కాదనే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. కానీ పినాకపాణి కళ్ల ముందు కంకర మిషనే తిరుగుతోంది. ఓపిక లేనివాడికి వచ్చే తెలివి ఆయనకూ వచ్చింది. బల్ల మీదున్న వాటిల్లో అన్నిటికంటే చిన్న గొడ్డలిని ఏరి, తుడిచి, విశ్వంభరంగారి అరచేతిలో పెట్టాడు.

"పట్టుకుని చూడండి సార్."

వేళ్లు ముడుచుకున్నాయి. రాయి కుదురుకుంది.

"చూశారా సార్! ఆదిమానవుడు మీ చెయ్యి కొలత తీసుకుని చేసినట్టుంది," అన్నాడు పినాకపాణి, నోరంతా తీపి చేసుకుని.

విశ్వంభరంగారు తన అరచేతిని చాలాసేపు చూసుకున్నారు. పుట్టిన దగ్గర్నుంచీ వెంట తిరుగుతున్న చేతిలో ఇంత చరిత్ర ఉందని ఆయనకు ఆ రోజే తెలిసింది. గదిలోని వాళ్లందరికీ కూడా అప్పుడే తెలిసింది. పరిపాలనాధికారి లేచి ఆ చేతికి నమస్కారం పెట్టినంత పని చేశాడు. టీ వచ్చేలోగా ప్రమాణం తయారైపోయింది. చేతికి ఇమిడితే పనిముట్టు, ఇమడకపోతే ఉత్త బండ.

"ఎవరి చేతికి?" అని అడిగింది మందాకిని.

ఆఫీసుల్లో అలాంటి ప్రశ్నకు జవాబు ఒకటే ఉంటుంది. అందరూ అటే చూశారు.

బయటికి వచ్చాక ఆమె పినాకపాణిని నిలదీసింది. "రాయిని చూపించమంటే ఆయనకు ఆయన చెయ్యే చూపించావు. వారం ఆగలేకపోయావా?"

"మిషన్ ఆగదు మేడం. ఎట్లా అయితేనేం, పనిముట్టే అన్నారు కదా," అన్నాడు పినాకపాణి. ఆ పూట ఆయన తనంత గడుసువాడు లేడనుకున్నాడు.

ఉత్తర్వు మర్నాడే వెలువడింది. "విషయం: శిలాపరికరముల నిర్ధారణ – ప్రామాణిక హస్తము. సదరు శిల సంచాలకులవారి కుడి అరచేతియందు సౌకర్యవంతముగా ఇమిడిన యెడల దానిని మానవ నిర్మితముగాను, ఇమడని యెడల ప్రకృతిసిద్ధముగాను పరిగణించవలెను. సంచాలకులవారు సెలవుపై ఉన్న కాలములో చరిత్ర నిలుపుదల చేయబడును. ఎడమచేయి అనుమతించబడదు."

రాష్ట్రం పెద్దది, చెయ్యి ఒకటే. అన్ని జిల్లాలకూ దాన్ని తిప్పడం కుదరదు కాబట్టి జిల్లాకొకటి పంపడానికి ప్లాస్టర్ అచ్చు పోయించారు. అచ్చు ఆరేదాకా రాయి పట్టుకున్నట్టుగా కదలకుండా కూర్చోమన్నారు. మధ్యలో టీ వచ్చింది. విశ్వంభరంగారి వేళ్లు అలవాటుకొద్దీ కప్పు పట్టుకునే తీరుకు తిరిగాయి, అచ్చు అలాగే బిగుసుకుంది. ఆ రోజు నుంచి రాష్ట్రంలోని టీకప్పు సైజు రాళ్లన్నీ చరిత్రలోకి ఎక్కాయి.

ఒక జిల్లాకు అచ్చును పంపిస్తే దారిలో వేళ్లన్నీ విరిగిపోయి ఉత్త అరచెయ్యి చేరింది. వేళ్లు అడ్డం లేకపోయేసరికి దాని మీద ఏ రాయి పెట్టినా నిలిచింది. మానవజాతి మొత్తం అక్కడే పుట్టిందని ఆ జిల్లా కలెక్టరాఫీసు ముందు బోర్డు పెట్టారు. ఇంకో జిల్లాకు బొటనవేలు విరిగిన చెయ్యి చేరింది. అందులో ఏ రాయీ ఆగక జారిపోయింది. తమ జిల్లాకు చరిత్రే లేకుండా చేశారని అక్కడి శాసనసభ్యుడు ధర్నాకు కూర్చున్నాడు. బొటనవేలు ప్రత్యేక వాహనంలో పంపాక గానీ ఆయన లేవలేదు.

సర్వే బృందాలు ఊళ్ల మీద పడ్డాయి. వంకల్లో, వాగుల్లో వెతకడం ఎండకు కష్టమనిపించి ఇళ్లల్లో మొదలుపెట్టారు. నల్లగుట్టపల్లెలో నాగసుబ్బమ్మ అనే ఆమె చట్నీ రుబ్బుకుంటుంటే, రోట్లోంచి పొత్రం లాక్కుని దాని పిడిభాగం ప్లాస్టర్ చేతిలో పెట్టి చూశారు. చక్కగా ఇమిడింది. సంచిలో వేసుకున్నారు.

"యాడికయ్యా తీసకపోతాండారు?" అని ఆమె వీధిలోకి వచ్చింది.

"ఇది ఆదిమానవుడిదమ్మా. మ్యూజియానికి పోతుంది."

"ఎవుడయ్యా ఆ ఆదిమానవుడు? మా అత్త రుబ్బినాది, మా అత్తకు అత్త రుబ్బినాది. మా ఇంట్లో మొగోడు ఒక్కనాడన్నా రోటికాడ కూసున్నాడా? అడుగు పో ఈ వీధిలో!"

ఆమె మాటలను సర్వే అధికారి శ్రద్ధగా విని, పనిముట్టు వంశపారంపర్యంగా వాడకంలో ఉన్నట్టు స్థానికులు ధ్రువీకరించారని రాసుకున్నాడు. ఆ ఊళ్లో ఆ వారమంతా చట్నీ లేదు. చివరికి పై అధికారులు పొత్రాలు లెక్కలోకి రావని, ఇంటి సామాను మండలానికి ఆదిమానవుణ్ణి సంపాదించి పెట్టదని తేల్చారు. పొత్రం మాత్రం తిరిగి ఇవ్వలేదు.

ఇంతలో పినాకపాణికి పేరు వచ్చింది. ఏ సమావేశంలో చూసినా "ప్రామాణిక హస్త సిద్ధాంతకర్త" అని శాలువా కప్పారు. ఆయన సిగ్గుపడుతూనే కప్పించుకున్నాడు. ఎన్ని రాళ్లు ఎటు పోతేనేం, గుండ్లవంక గట్టును పరీక్షించడానికి సంచాలకులే స్వయంగా వస్తున్నారు, అప్పటిదాకా మిషన్ ఆపమన్నారు, ఆ ఒక్క గట్టు దక్కితే చాలుననుకున్నాడు.

సంచాలకులు వచ్చిన రోజు గట్టు మీద షామియానా వేశారు. కుర్చీ వేశారు. వెండిగిన్నెలో నీళ్లు, పక్కన తువ్వాలు. విశ్వంభరంగారు చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, చాచారు. కాస్త ఎడంగా ఓబులకొండారెడ్డి చేతులు కట్టుకుని నిలబడ్డాడు, వెనక ఆయన మిషన్ నిలబడింది.

పినాకపాణి మట్టిలోంచి అందరూ చూస్తుండగా ఒక గొడ్డలిని తీశాడు. అంతకంటే అందమైనది ఆ గట్టులో లేదు. మొన తీర్చినట్టుంది, రెండు వైపులా ఒక్కలాగే ఉంది. చేతిలో పెట్టాడు. విశ్వంభరంగారి చెయ్యి ఫైళ్లు మొయ్యడం కూడా మానేసి చాలా ఏళ్లయింది. మణికట్టు వంగిపోయి రాయి ఆయన బూటు పక్కన పడింది.

"ప్రకృతిసిద్ధం," అన్నారు.

ఇంకొకటి ఇచ్చాడు. ఈసారి పడకుండా ఆయన గట్టిగా పట్టుకున్నారు. అంచు అరచేతిలో దిగింది. రక్తం చూసి పరిపాలనాధికారి కేక పెట్టాడు. జవాన్లు పరుగెత్తారు. అన్ని లక్షల ఏళ్ల తర్వాత కూడా అంచు కోస్తోందంటే ఏ తెలివైనవాడైనా ఆ రాయిని కళ్లకద్దుకోవాలి. విశ్వంభరంగారు మండిపడ్డారు.

"మనిషి చేసిన వస్తువు మనిషి చేతిని కోస్తుందా?"

"కోయడానికే చేశారు సార్. మాంసం కోసుకోవడానికి. ఇటు మొద్దుగా ఉన్నవైపు పట్టుకోవాలి."

"మరి పిడి ఏదీ?"

"పిడి ఇంకా తెలియని కాలం సార్."

"పిడి లేని కత్తిని ఏ శాఖ అయినా కొనుగోలు చేస్తుందా? పనిముట్టు అన్నాక వాడేవాడి భద్రత చూసుకోవాలి. ఇందులో అది లేదు. కాబట్టి పనిముట్టు కాదు."

పినాకపాణి సంచిలోంచి ఆ చిన్న గొడ్డలిని తీశాడు. "ఇది చూడండి సార్. ఆ రోజు మీ చేతిలో ఇమిడింది ఇదే. ఇది కూడా ఈ గట్టులోదే."

అప్పటికే చేతికి కట్టు కట్టారు. దూది మీద దూది పెట్టి బుట్టంత చేశారు. చిన్న గొడ్డలి ఇమడలేదు. గులకరాయి ఇమడలేదు. ఏదీ ఇమడలేదు.

"కట్టు విప్పాక ఇంకోసారి చూద్దాం సార్."

"ఉత్తర్వులో అరచెయ్యి అని ఉంది, కట్టు లేని అరచెయ్యి అని లేదు," అన్నాడు పరిపాలనాధికారి. "ఈ తేదీకి ప్రామాణికం ఇదే."

గట్టు మొత్తం ప్రకృతిసిద్ధమని తేలిపోయింది. ధ్రువీకరణ మీద సాంకేతికాధికారి హోదాలో పినాకపాణి సంతకం పెట్టాలి. కాగితం ముందుకు వచ్చింది. మందాకిని ఎదురుగా నిలబడి ఆయన ముఖంలోకే చూస్తోంది. ఆ చేతి పరీక్ష ఉత్త బూటకం, మిమ్మల్ని ఉబ్బించడానికి నేను అన్న మాట అది అని ఒక్కసారి అంటే చాలు. ఉద్యోగం పోయినా పోయేది, గట్టు గురించి నలుగురూ అడిగేవాళ్లు. పినాకపాణి నోరు తెరిచాడు. కప్పిన శాలువాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. "ఎక్కడ పెట్టాలి సార్?" అన్నాడు.

మందాకిని మాత్రం ఊరుకోలేదు. ఇవి చేతిగొడ్డళ్లేనని, తన మాటగా రాసుకోమని అందరి ముందూ గట్టిగా చెప్పింది. ఆమెను ఆ వారమే మత్స్యశాఖకు పంపేశారు.

"ఏమనుకోవద్దు సారూ," అన్నాడు ఓబులకొండారెడ్డి పినాకపాణి భుజం మీద చెయ్యి వేసి. "మీ రాయి మంచి గట్టి రాయి. రోడ్డు నూరేండ్లు ఉంటాది."

మిషన్ మర్నాడు పొద్దున్నే మొదలైంది. పినాకపాణి సెలవు పెట్టి వెళ్లి దూరంగా నిలబడ్డాడు. గట్టును కోసి పైన పోస్తుంటే, కింద కంకర రాలుతోంది. మనిషికి తెలివి వచ్చిన కొత్తలో కూర్చుని ఓపిగ్గా చేసిన వస్తువులు కరకరా నమిలినట్టు ముక్కలయ్యాయి. ఆయన ఏడ్చాడు. ఏడిస్తే మిషన్ ఆగదు కదా, సాయంత్రానికి గట్టు ఉన్నచోట గొయ్యి మిగిలింది.

కొన్నాళ్లకు మంత్రిగారు పథకాన్ని సమీక్షించారు. అన్ని మండలాల్లోనూ ఆదిమానవులు పుష్కలంగా తేలారు. ఒక్క నల్లగుట్టపల్లె మండలంలో మాత్రం సున్నా.

"నల్లగుట్టపల్లె ఆదిమానవుడు ఎక్కడయ్యా?" అని మంత్రిగారు గద్దించారు.

"పరిశీలనలో ఉన్నాడు సార్," అని విశ్వంభరంగారు చెమట తుడుచుకున్నారు. ఆ పూటే పినాకపాణిని కారెక్కించుకుని బయల్దేరారు. వంక దాకా వెళ్లనే లేదు, బైపాస్ మీద కంకర కుప్పలు దారికి అడ్డంగా పోసి ఉంటే కారు ఆగింది. ఆయన విసుగ్గా దిగి, ఒక ముక్క అందుకున్నారు. చెయ్యి ఎప్పుడో మానిపోయింది.

ఇమిడింది.

ఇంకోటి తీశారు, ఇమిడింది. మూడోది తీశారు, అదీ ఇమిడింది. ఆయన ముఖం వెలిగిపోయింది. "పినాకపాణిగారూ! రెండు వైపులా పెచ్చులు లేచి ఉన్నాయి, గమనించారా? అన్నీ ఒకే పరిమాణంలో ఉన్నాయి. ప్రకృతి ఇంత సమానంగా చేస్తుందా? ఆదిమానవుడికి ప్రమాణాలు పాటించడం తెలుసన్నమాట!"

ఓబులకొండారెడ్డి లారీ దిగి పరుగెత్తుకొచ్చాడు. "సారూ, సారూ! అవి నా మిషన్ కొట్టిన కంకర సారూ! నిన్ననే పోయించినా!"

"కంకర అనడానికి మీకు నిర్ధారణ ఉందా? పరీక్ష చేయించారా?"

"కంకరకు పరీక్ష ఏంది సారూ? కండ్లకు కనపడతాంది గదా! పినాకపాణి సారూ, నువ్వన్నా చెప్పప్పా!"

విశ్వంభరంగారు గంభీరంగా పినాకపాణి వైపు తిరిగారు. "సాంకేతికాధికారిగా మీ అభిప్రాయం చెప్పండి. ఇవి మనిషి చేసినవా, ప్రకృతి చేసినవా?"

పినాకపాణి కుప్ప వైపు చూశాడు. ఒక ముక్క మీద పాత పెచ్చుల మచ్చలు సగం మిగిలి ఉన్నాయి, మిగతా సగం కొత్తగా విరిగిన తెల్లటి గాయం. దాన్ని తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మనిషి చేసినవే సార్," అన్నాడు. మండలిలో చేరాక ఆయన ఇచ్చిన అభిప్రాయాల్లో అంత ఖచ్చితమైనది ఇంకొకటి లేదు.

రక్షణ ఉత్తర్వులు మెరుపులా వచ్చాయి. గుండ్లవంక కోసం పినాకపాణి మొదట్నుంచీ రాసి పంపుతూ వచ్చిన మాటలే అందులో అచ్చయ్యాయి. ఈ ప్రదేశం నుంచి ఒక్క రాయి కూడా కదిలించరాదు, తవ్వరాదు, వాహనాలు నడపరాదు. రోడ్డు పని ఆగిపోయింది. కుప్పల చుట్టూ ముళ్లకంచె వేశారు, నీలం రంగు బోర్డు పెట్టారు, కాపలాకు మౌలాలి అనే అతన్ని వేశారు. మంత్రిగారు వచ్చి రిబ్బన్ కత్తిరించి, తన మనసు నిండిపోయిందని చెప్పి వెళ్లారు.

అందరూ వెళ్లిపోయాక పినాకపాణి కంచె దగ్గరే ఉండిపోయాడు. కొత్త ఖాకీ చొక్కా వేసుకున్న మౌలాలి వినయంగా దగ్గరికి వచ్చాడు.

"సార్, సూడనీకి వచ్చినోళ్లు నన్ను అడుగుతారు గదా. ఇవి ఎవురు చేసినారని జెప్పాల?"

"నేనే చేసినా మౌలాలీ," అన్నాడు పినాకపాణి. "సంతకం కూడా పెట్టినా."

మౌలాలి నవ్వలేదు. పెద్దవాళ్లు చెప్పింది మనసులో పెట్టుకోవడమే తన ఉద్యోగం అనుకున్నాడు. అంతలోనే బస్సు ఒకటి ఆగింది. దిగినవాళ్లు కంచె పట్టుకుని కుప్పల వైపు నోరు తెరుచుకుని చూస్తూ, ఇవన్నీ ఎవరు చేశారని అడిగారు. మౌలాలి చెయ్యి చాచి చూపించాడు.

"అదో, ఆ సారే."

వాళ్లు చెప్పులు విడిచి పినాకపాణికి నమస్కారం పెట్టారు.